జీపీఎస్ పెట్టెకూ చేతి కంప్యూటరుకూ పొత్తు కుదిరేదెలా?

చేతిలోని ఫోనే మనిషి నిలబడ్డ చోటును పటం మీద చుక్కగా చూపుతున్నప్పుడు, పొలం కొలవడానికి వచ్చే సర్వేయరు పొడవాటి కర్ర కొసన ఇంకొక గుండ్రటి పెట్టెను బిగించుకొని ఎందుకు తిరుగుతాడు? 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో ఆ కర్రను చూసిన రైతుకు ముందుగా కలిగే సందేహం ఇదే. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఇదే సందేహం మరో రూపంలో కలుగుతుంది: జేబులో ఫోను ఉండగా, సముద్రంలోకి వెళ్లే బోటు మీద జెమిని అనే వేరే పెట్టె అవసరమేమిటి?

సర్వేయరు కర్ర మీది పెట్టెనూ బోటు మీది పెట్టెనూ జాగ్రత్తగా గమనిస్తే రెండింటిలోనూ ఒక లక్షణం కనిపిస్తుంది. పటం చూపే తెర వాటిలో లేదు. తెర ఉన్నది పక్కనున్న చేతి కంప్యూటరులో, అంటే సర్వేయరు చేతిలోని కంట్రోలరులో, బోటు నడిపే తండేలు చేతిలోని ఫోనులో. ఉపగ్రహాల సంకేతాన్ని వినేది ఒక పరికరం, విన్నదాన్ని మనిషికి అర్థమయ్యేలా చూపేది మరొకటి. ఈ రెండూ తరచుగా వేర్వేరు కంపెనీలు, వేర్వేరు కాలాల్లో, ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా తయారుచేసినవై ఉంటాయి కాబట్టి, వాటిని కలపడానికి కొంత కోత, కొంత అతుకు, కొంత అనువాదం అవసరమవుతాయి. ఆ పొత్తు ఎలా కుదురుతుందో, ఎక్కడెక్కడ చెడుతుందో తెలుసుకోవడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

వినే పని వేరు, చూపే పని వేరు

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, ఏ క్షణాన సంకేతం పంపుతున్నాయో, ఆ క్షణాన తాము ఎక్కడ ఉన్నాయో నిరంతరం ప్రకటిస్తూ ఉంటాయి. నేల మీది పెట్టె ఆ సంకేతం తనను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కకడుతుంది. సంకేతాన్ని అందుకొనేది కాబట్టి ఈ పెట్టెను గ్రాహకం అనవచ్చు. వాడుకలో దీని పేరు రిసీవర్. మూడు దూరాలు తెలిస్తే చోటు తేలుతుందని లెక్క చెబుతుంది గానీ, గ్రాహకంలోని గడియారం ఉపగ్రహంలోని అణు గడియారమంత కచ్చితమైనది కాదు. ఆ గడియారపు తప్పును కూడా తేల్చుకోవలసి ఉండటం వల్ల కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. సెకనులో నూరు కోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్ల తప్పు దొర్లుతుందంటే ఈ లెక్క ఎంత సున్నితమైనదో ఊహించవచ్చు.

సంకేతం నేలను చేరేసరికి దాని బలం దాదాపు ఏమీ మిగలదు: ఒక వాటును కోటి కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద భాగాలు చేస్తే వచ్చేంత. ఫోనులో కెమెరా, బ్యాటరీ, మాటల కోసం ఒకటి, ఇంటర్నెట్టు కోసం ఒకటిగా అనేక యాంటెన్నాలు ఇరుక్కొని ఉండగా, మిగిలిన సందులో ఒదిగిన చిన్న లోహపు ముక్కే ఆ బలహీన సంకేతాన్ని పట్టుకోవాలి. పైన ఆకాశం తెరిపిగా ఉంటే అది సుమారు అయిదు మీటర్ల తేడాతో చోటును చెబుతుంది; దారి వెతుక్కోవడానికి అది చాలు. కానీ 20 సెంట్ల మడి విస్తీర్ణం ఎనిమిది వందల చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ, అది చదరంగా ఉంటే ఒక్కో పక్క 28 మీటర్లు; అందులో అయిదు మీటర్లు అటో ఇటో జరిగితే గట్టు పక్కవాడి పొలంలోకి వెళుతుంది. అదే జిల్లా ఉద్దానం ప్రాంతంలోని జీడితోటల్లో పరిస్థితి ఇంకా కష్టం. దట్టంగా నేలకు దిగిన జీడికొమ్మల ఆకుల్లోని తేమ సంకేతాన్ని పీల్చుకుంటుంది, మిగిలినది కొమ్మలకు తగిలి పక్కదారిన ఆలస్యంగా చేరుతుంది. అదే తీరంలో కొబ్బరితోటలో మట్టల సందున ఆకాశం కొంత కనిపిస్తుంది కాబట్టి గ్రాహకానికి ఊపిరాడుతుంది.

సర్వేయరు పెట్టెలో వెడల్పయిన యాంటెన్నా ఉండటం, అది మనిషి తల కంటే ఎత్తున కర్ర మీద ఉండటం, నేలకు తగిలి పైకి లేచే ప్రతిఫలనాలను అది చాలావరకు తిరస్కరించడం ఒక మేలు. అంతకంటే పెద్ద మేలు సవరణ. కచ్చితంగా చోటు తెలిసిన ఆధార కేంద్రాల్లో ఏళ్ల తరబడి కదలకుండా పనిచేసే గ్రాహకాలు, ఉపగ్రహాలు చెబుతున్న చోటుకూ తాము నిజంగా ఉన్న చోటుకూ ఉన్న తేడాను ప్రతి క్షణం గమనిస్తూ ఉంటాయి. రీసర్వేలో కోర్స్ అనే పేరుతో వినిపించేవి ఈ కేంద్రాలే. అక్కడి సమాచారం మొబైల్ ఇంటర్నెట్టు ద్వారా సర్వేయరు చేతిలోని కంప్యూటరుకు వచ్చి, అక్కడి నుంచి కర్ర మీది పెట్టెకు చేరుతుంది. అప్పుడు పెట్టె 19 సెంటీమీటర్ల పొడవున్న రేడియో అలలను సైతం లెక్కపెట్టి, తేడాను రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గించగలుగుతుంది. ఇక్కడ చేతి కంప్యూటరు కేవలం తెర కాదు. పెట్టెకు సవరణలను అందించే దారి కూడా అదే. కాబట్టి రెండింటి మధ్య రాకా పోకా రెండూ ఉండాలి.

సముద్రం మీద లెక్క వేరు. అక్కడ ఆకాశానికి అడ్డు లేదు, అయిదు మీటర్ల తేడా వేటకు అడ్డం కాదు. అక్కడి ఇబ్బంది తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటాక ఫోనుకు టవరు అందకపోవడం. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వచ్చినప్పుడు అప్పటికే లోతు సముద్రంలోకి వెళ్లిపోయిన మత్స్యకారులకు హెచ్చరిక చేరలేదు. ఆ అనుభవం తరువాత హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థతో కలిసి రూపొందించి 2019 అక్టోబరులో విడుదల చేసినదే జెమిని. విమానాలకు దారి చూపడానికి ఏర్పాటైన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలనూ, చేపలు దొరికే చోట్ల సమాచారాన్నీ అందుకొని, బ్లూటూత్ ద్వారా ఫోనుకు అందించడం ఆ పెట్టె పని; ఫోనులోని యాప్ వాటిని ప్రాంతీయ భాషల్లో చూపుతుంది.

కాటా దగ్గర కేక, పద్దులో రాత

గ్రాహకానికీ చేతి కంప్యూటరుకూ మధ్య జరిగే వ్యవహారాన్ని పలాసలో జీడిపిక్కల బస్తాలు తూచే చోట చూడవచ్చు. ఒకడు కాటా దగ్గర నిలబడి బరువు చూసి కేక వేస్తాడు, మరొకడు కొంచెం దూరాన కూర్చొని పద్దు రాస్తాడు. ఈ పని సరిగా సాగాలంటే నాలుగు విషయాల్లో ఇద్దరికీ పొందిక ఉండాలి: ఇద్దరూ ఒకరికొకరు అందేంత దగ్గరలో ఉండాలి, కేక వినిపించేంత గట్టిగా, చెవి భరించగలిగినంత మెల్లగా ఉండాలి, చెప్పే భాష రాసేవాడికి తెలియాలి, చివరగా కాటాలోని తూనికరాయి పద్దులో అనుకున్న తూనికరాయే కావాలి. మొదటి రెండూ చెడితే పని ఆగిపోతుంది, తప్పు వెంటనే బయటపడుతుంది. చివరి రెండూ చెడితే పని నిరాటంకంగా సాగుతుంది, పద్దు మాత్రం తప్పు.

మొదటి పొందిక, అంటే శరీరాల పొందిక, అందరి కంటికీ కనిపించేది కాబట్టి జీపీఎస్ పెట్టెలను మార్చుకొన్న తొలితరం ఔత్సాహికుల శ్రమలో చాలా భాగం దీనికే ఖర్చయింది. 1990ల చివర అరచేతిలో ఇమిడే కంప్యూటర్లు బజారులోకి వచ్చాయి. 1996లో పామ్ పైలట్, 1999లో పామ్ ఫైవ్, అదే ఏడాది హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్, 2000లో కంపాక్ ఐప్యాక్ వెలువడ్డాయి. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు పాలుపంచుకొని రూపొందించిన సింప్యూటర్ కూడా ఆ కాలానిదే. వీటిలో జీపీఎస్ ఉండేది కాదు. అందుకని మాగెలాన్ వంటి కంపెనీలు ఒక్కొక్క నమూనాకు సరిపోయేలా, దాని వీపుకు తగులుకొనే గ్రాహకాన్ని విడిగా అమ్మేవి. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌర సంకేతంలో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును ఆపివేయడంతో వంద మీటర్ల స్థాయిలో ఉన్న తేడా ఒక్కరాత్రిలో పది ఇరవై మీటర్లకు తగ్గింది, ఈ తగులు పెట్టెలకు గిరాకీ పెరిగింది. అయితే 2001లో పామ్ కంపెనీ ఎం500 అనే కొత్త నమూనాను తెచ్చినప్పుడు అడుగుభాగాన ఉండే అమరికను, అంటే కనెక్టరును, పూర్తిగా మార్చింది. లోపలి గ్రాహకం బంగారంలా పనిచేస్తున్నా, పామ్ ఫైవ్ కోసం కొన్న పెట్టె కొత్త కంప్యూటరుకు తగలదు. డబ్బు పోసి కొన్న వస్తువును పారవేయడం ఇష్టంలేనివారు దాని డొల్లను విప్పి, అంచులు కోసి, పాత అమరికను పెరికి, కొత్త కంప్యూటరుకు సరిపోయే అమరికను మరేదైనా తీగ నుంచి తీసి అతికించుకొనేవారు. వస్తువును దాని తయారీదారు అనుకున్న ఆయుష్షుకు మించి బతికించే ఈ నేర్పు గౌరవించదగినది. ఏ టెక్కలి బజారులోనో రేడియోలు, మోటార్లు బాగుచేసే మెకానిక్కుకు ఇది కొత్త విద్య కూడా కాదు.

కోత కంటే తీగల ఎంపిక ముఖ్యం. అమరికలో పది పదహారు సూదులు ఉన్నా ఈ పనికి కావలసినవి నాలుగే: విద్యుత్తు అందించేది, రెండు పరికరాలకూ ఉమ్మడి సున్నాగా నిలిచే నేలతీగ, మాట పంపేది, మాట వినేది. ఒకటి పలికే తీగ రెండోదాని వినే తీగకు చేరాలి. పలికే తీగను పలికే తీగకే అతికితే రెండూ మాట్లాడతాయి, ఏదీ వినదు. ఉమ్మడి నేలతీగను మరిస్తే ఎంత విద్యుత్తు వస్తున్నదో కొలుచుకొనే ఆధారమే లేక, వచ్చిన ప్రతి సంకేతమూ గందరగోళమవుతుంది.

రెండో పొందిక కేక బలానిది. పాత కంప్యూటర్లు మాట్లాడుకొన్న ఆర్ఎస్-232 అనే ఒప్పందంలో ఒకటిని మైనస్ వోల్టులతో, సున్నాను ప్లస్ వోల్టులతో సూచిస్తారు, ఆ వోల్టులు మూడు నుంచి పదిహేను దాకా ఉండవచ్చు. గ్రాహకం లోపలి చిప్ మాత్రం సున్నాను దాదాపు సున్నా వోల్టుతో, ఒకటిని 3.3 లేదా 5 వోల్టులతో చెబుతుంది. బలమూ వేరు, అర్థమూ తలకిందులు. ఈ రెండింటినీ నేరుగా కలిపితే మాట అర్థం కాకపోవడం ఒక్కటే కాదు, ఎక్కువ వోల్టుల తాకిడికి చిప్ మాడిపోతుంది. మధ్యలో నిలబడి బలాన్ని మార్చి, అర్థాన్ని తిరగవేసే చిన్న చిప్‌లు ఉన్నాయి. వాటిలో 1987లో మాగ్జిమ్ కంపెనీ విడుదల చేసిన మాక్స్232 ఎంతగా వ్యాపించిందంటే, అనేకమంది విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఇప్పటికీ అదే దర్శనమిస్తుంది.

కొత్త డొల్లలోకి గ్రాహకాన్ని మార్చేటప్పుడు అంత సులభంగా కంటికి ఆనని రెండు అంశాలు ఉన్నాయి. ఒకటి, లోపలి చదరపు పింగాణీ యాంటెన్నా ముఖం ఆకాశం వైపే ఉండాలి. దాని మీద లోహపు రేకు గానీ లోహం కలిసిన రంగు గానీ పడకూడదు, చేతి కంప్యూటరులోని సర్క్యూట్ల రొదకు అది ఎంత దూరంగా ఉంటే అంత మేలు. రెండోది, గ్రాహకానికి ఒక చిన్న నిలవ బ్యాటరీ ఉంటుంది. ఉపగ్రహం తాను ఉన్న చోటును వివరంగా చెప్పడానికి దాదాపు 30 సెకన్లు, మొత్తం ఉపగ్రహాల స్థూల పట్టికను చదివి వినిపించడానికి పన్నెండున్నర నిమిషాలు తీసుకుంటుంది. ప్రధాన విద్యుత్తు ఆగినా ఈ సమాచారాన్నీ, గడియారాన్నీ కాపాడేది ఆ చిన్న బ్యాటరీయే. మార్పులో దాన్ని వదిలేస్తే పెట్టె చెడిపోదు గానీ, ఆన్ చేసిన ప్రతిసారీ ఏమీ తెలియని స్థితి నుంచి మొదలుపెడుతుంది, వాడేవాడు తాను అతికించిన తీగను అనవసరంగా అనుమానిస్తాడు.

వాక్యాలుగా వచ్చే అంకెలు

మూడో పొందిక భాషది. పడవలలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అమెరికాలోని నౌకా ఎలక్ట్రానిక్స్ సంఘం రూపొందించిన ఎన్ఎంఈఏ 0183 అనే ప్రమాణమే జీపీఎస్ గ్రాహకాలకు ఉమ్మడి భాష అయింది. సముద్రం కోసం పుట్టిన భాష తరువాత పొలాలకూ రోడ్లకూ పాకడం గమనించదగినది. ఇందులో ప్రతి వాక్యమూ డాలరు గుర్తుతో మొదలవుతుంది, 82 అక్షరాలకు మించదు, కాలం, అక్షాంశం, రేఖాంశం, కనిపిస్తున్న ఉపగ్రహాల సంఖ్య వంటివి కామాలతో విడిపోయి వరసగా వస్తాయి. చివర నక్షత్రపు గుర్తు తరువాత రెండక్షరాల సరిచూపు సంఖ్య ఉంటుంది. దారిలో ఏ అక్షరమైనా చెడిందా అని కంప్యూటరు ఆ సంఖ్యతో పోల్చి చూసుకొంటుంది. మొదట ఈ భాషకు నిర్ణయించిన వేగం సెకనుకు 4,800 బిట్లు, అంటే సుమారు 480 అక్షరాలు. నిండు వాక్యాలైతే సెకనుకు అయిదారుకు మించవు. గ్రాహకం ఒక వేగంతో చెబుతుంటే కంప్యూటరు మరో వేగంతో వినడానికి కుదురుకొని ఉన్నప్పుడు తెర మీద అర్థంలేని గుర్తులు వస్తాయి, కాబట్టి ఈ తప్పు సులభంగానే దొరుకుతుంది.

దొరకని తప్పు అంకెలు చదివే తీరులో ఉంది. ఈ భాషలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు కలిపి ఒకే అంకెగా రాస్తారు. సంతబొమ్మాళి తీరాన ఒక చోటు 18 డిగ్రీల 34 నిమిషాల అక్షాంశం మీద ఉందనుకుంటే వాక్యంలో అది 1834 అని మొదలై, నిమిషాల దశాంశాలతో కొనసాగుతుంది. డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి దాని దశాంశ రూపం సుమారు 18.567. కానీ కంప్యూటరులోని ప్రోగ్రాం రాసినవాడు ఆ అంకెను నూటితో భాగించి 18.34 అని తీసుకొంటే చోటు సుమారు 25 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. నౌపడ ఉప్పుమడుల దగ్గర నిలబడ్డ మనిషిని తెర బంగాళాఖాతంలో చూపుతుంది. అక్షరాలన్నీ సరిగానే చేరాయి కాబట్టి సరిచూపు సంఖ్య ఏ అభ్యంతరమూ చెప్పదు. అంత పెద్ద తప్పు కంటికి తగులుతుంది గానీ, నిమిషాల అంకె చిన్నదైన చోట్ల ఇదే తప్పు కొద్ది కిలోమీటర్లలో ముగిసి, గుర్తులు లేని నీటి మీద ఎవరికీ తెలియకుండా ఉండిపోగలదు.

అదే భాషలో తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యే ఒక అంకె ఉంది: చోటు ఎంత నమ్మదగినదో గ్రాహకమే చెప్పే నాణ్యతా సూచిక. సున్నా అంటే చోటు తేలలేదని, 1 అంటే మామూలు జీపీఎస్ అని, 2 అంటే గగన్ వంటి వ్యవస్థ సవరణ కలిసిందని అర్థం. సర్వేయరుకు కావలసినది 4, అంటే అలల లెక్క పూర్తిగా కుదిరిన స్థితి. 5 అంటే లెక్క ఇంకా కుదురుకోలేదని. జీడిచెట్టు కిందికి కర్ర వెళ్లగానే 4 కాస్తా 5 కావచ్చు, అయినా తెర మీది అక్షాంశ రేఖాంశాలు అంతే పొడవున, అన్నే దశాంశాలతో, అంతే ధీమాగా కనిపిస్తాయి. రైతు అడగదలచుకొంటే అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ రాయి దగ్గర చోటు నమోదు చేసినప్పుడు లెక్క కుదిరి ఉందా, లేదా?

తీగ పోయినా మిగిలిన ఒప్పందం

బ్లూటూత్ వచ్చాక కోత, అతుకు అవసరం తగ్గింది. పెట్టె ఆకారం ఏదైనా, ఫోను ఏ కంపెనీదైనా, లేని తీగను ఉన్నట్టుగా భావించే ఒక ఏర్పాటు ద్వారా అవే డాలరు గుర్తు వాక్యాలు గాలిలో ప్రయాణిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనులో బయటి గ్రాహకం చెప్పే చోటునే సొంత చోటుగా స్వీకరించమని ఒక యాప్‌కు అనుమతి ఇవ్వవచ్చు. డెవలపర్ సెట్టింగుల్లో ఉండే ఈ అనుమతి వల్లనే మామూలు ఫోను సర్వే పరికరంగా మారగలుగుతుంది. తీగ తెగితే కంటికి కనిపించేది. గాలిలోని సంబంధం తెగినప్పుడు మాత్రం, యాప్ జాగ్రత్తగా రాసినది కాకపోతే, ఫోను తన సొంత జీపీఎస్‌కు మెల్లగా మళ్లిపోతుంది, సెంటీమీటర్ల కొలత మీటర్ల కొలతగా మారిన సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు.

సముద్రం మీద ఈ జాగ్రత్త ప్రాణాలతో ముడిపడినది. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పని వెతుక్కుంటూ గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులను పాకిస్తాన్ అదుపులోకి తీసుకోగా, 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా విడుదలై వచ్చారు. నీటి మీద సరిహద్దు గీత ఉండదు. అది తెర మీదే కనిపిస్తుంది. అందువల్ల పెట్టె చెబుతున్న చోటు ఇప్పటిదా, సంబంధం తెగకముందు అందిన చివరి చోటా అన్నది ప్రతి యాప్ పెద్ద అక్షరాల్లో, తెలుగులో చూపవలసిన సంగతి.

ఒకే చోటుకు రెండు అంకెలు

నాలుగో పొందిక తూనికరాయిది. అక్షాంశ రేఖాంశాలు దేవుడు భూమి మీద గీసిన గీతలు కావు, భూమి ఆకారాన్ని ఒక నిర్ణీత గుండ్రదనంగా ఊహించుకొని మనుషులు వేసుకొన్నవి. ఆ ఊహను భూప్రమాణం అనవచ్చు. సర్వేయర్ల మాటలో డేటమ్. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణ సర్వేను కొనసాగించిన జార్జి ఎవరెస్ట్ 1830లో లెక్కకట్టిన భూమి ఆకారం మీద, మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్‌ను మూలబిందువుగా పెట్టుకొని, భారతదేశపు పటాలు ఒకటిన్నర శతాబ్దానికి పైగా నడిచాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే ప్రమాణం. ఈ రెండు ప్రమాణాల్లో ఒకే చోటుకు వచ్చే అంకెలు వేరు. శ్రీకాకుళం తీరాన ఆ తేడా నేల మీద రెండు వందల మీటర్లకు మించుతుంది. 2005 జాతీయ పటాల విధానంతో ప్రజలకు అందే పటాలు కొత్త ప్రమాణానికి మారాయి గానీ, పాత పటాన్ని స్కాన్ చేసి చేతి కంప్యూటరులో వేసుకొని, దాని మీద గ్రాహకం చెప్పిన చుక్కను నేరుగా పెట్టే పొరపాటు ఇప్పటికీ జరగగలదు. గ్రాహకం సరిగ్గానే చెప్పింది, పటం సరిగ్గానే గీసి ఉంది, చుక్క మాత్రం పక్క ఊరి పొలంలో పడుతుంది.

కర్ర పొడవు కూడా ఈ కోవలోనిదే. గ్రాహకం చెప్పే ఎత్తు కర్ర కొసన ఉన్న తన ఎత్తు, రైతుకు కావలసినది నేల ఎత్తు. సాధారణంగా రెండు మీటర్లుండే ఆ కర్ర పొడవును చేతి కంప్యూటరులో సరిగా నమోదు చేయకపోయినా, కర్రను మధ్యలో పొడిగించి అంకె మార్చడం మరచినా, ప్రతి కొలతా అంతే మేర తప్పుతుంది. మూలపేట రేవు వంటి నిర్మాణాలు జరిగే, అలలకు దగ్గరగా ఉన్న పల్లపు భూముల్లో అర మీటరు ఎత్తు తేడా నీరు ఎటు పారుతుందో నిర్ణయిస్తుంది.

ఈ తప్పులన్నిటినీ ఒకేసారి పట్టించే పరీక్ష ఒకటి ఉంది, అది పెట్టెను ఇంట్లో మార్చుకొన్న ఔత్సాహికుడికీ, ప్రభుత్వ సర్వేయరుకూ సమానంగా వర్తిస్తుంది. అక్షాంశ రేఖాంశాలూ ఎత్తూ ముందే తెలిసిన, కదలని రాయి ఒకదాని మీద పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక మరొకసారి కర్రను నిలిపి, తెర చెప్పే అంకెలను రాయి అంకెలతో పోల్చి చూడాలి. తేడా కిలోమీటర్లలో ఉంటే భాషను, వందల మీటర్లలో ఉంటే భూప్రమాణాన్ని, రెండు మీటర్ల నిలువు తేడా అయితే కర్రను, నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంటే తెగిన బ్లూటూత్‌నో అందని సవరణనో అనుమానించాలి.